తెల్లగుట్ట మీద పాలదారి

పీర్ సాహెబ్ గుట్టపాలెం వచ్చింది అరవై ఎనిమిదిలో. రెండు అద్దె సైకిళ్లు, ఒక గాలిపంపు, పంచర్ సామాను పెట్టుకున్న రేకు డబ్బా, అంతే ఆస్తి. వాళ్ల నాన్న మాచర్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆ పొగకు దగ్గు ముదిరి ఆయన మంచం పట్టాక, కొడుకు కొలిమి ముట్టుకోనని చెప్పి సైకిళ్ల వైపు తిరిగాడు. మాచర్లలో అప్పటికే సందుకో సైకిల్ షాపు ఉంది. షాపు లేని ఊరు వెతుక్కుంటూ తెల్లగుట్ట వెనక ఉన్న ఈ ఊరు చేరాడు.

పద్దెనిమిదేళ్లలో ఊళ్లో సైకిళ్లు రెండు నుంచి నలభై అయ్యాయి. పీర్ సాహెబ్ పాకలో కూర్చుని తల ఎత్తకుండానే బయట ఎవరు పోతున్నారో చెప్పేవాడు. కోటయ్యగారి సైకిలుకు చైన్‌కవర్ కొట్టుకుంటుంది. పోస్టుమాన్ సైకిలుకు వెనక చక్రం మూడు చువ్వలు వదులు. ఊరివాళ్లు ఆయన్ని సైకిలు పీరు అనేవాళ్లు. పెద్ద మాటకారి కాదు. మనిషి కంటే ముందు సైకిల్ని పలకరిస్తాడని ఆయన భార్య ఖాతూన్ బీ అంటుండేది.

అట్లాంటి మనిషి జీవితంలో ఒక్కసారి ఇల్లిల్లూ తిరిగి మాట్లాడాడు. అది ఎనభై నాలుగులో. పాల డెయిరీ వాళ్లు వచ్చి, ముప్పై ఇళ్లు పాలు పోస్తే ఊళ్లో సెంటర్ పెడతామన్నారు. అయితే లారీ ఊళ్లోకి రాదు, మాచర్ల రోడ్డు మీద ఆగుతుంది, అక్కడిదాకా పాలు చేర్చే బాధ్యత ఊరిదే అన్నారు. ఆడవాళ్లు తటపటాయించారు. అప్పటిదాకా నెయ్యి కాచి గురజాల కోమటికి వేసేవాళ్లు. ఆయన్ని వదులుకుంటే మళ్లీ దగ్గరికి రానివ్వడు. పీర్ సాహెబ్ గడపగడపకూ వెళ్లి, పాలు పితికేది మీరు, లారీకి చేర్చే పూచీ నాది అన్నాడు. ముప్పై నాలుగు ఇళ్లు ఒప్పుకున్నాయి. డెయిరీని నమ్మి కాదు, ఆయన్ని నమ్మి.

సైకిలుకు అటొకటి ఇటొకటి క్యాన్లు తగిలించి, వెనక క్యారియర్ మీద ఇంకొకటి కట్టి, అరవై లీటర్లు తీసుకుపోయేవాడు. రోడ్డు ఊరికి దగ్గరే, గుట్టకు అవతల. కానీ గుట్ట చుట్టూ పోయే బండిదారి పదకొండు కిలోమీటర్లు. చలికాలం బాగానే జరిగింది. వేసవి రాగానే తంటా మొదలైంది. రెంటచింతల చుట్టుపక్కల ఎండ సంగతి చెప్పాల్సిన పని లేదు, తెల్లవారుజామున కూడా గాలి పొయ్యి దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. నాలుగింటికి పితికిన పాలు గతుకుల్లో కుదిలి కుదిలి ఏడింటికి లారీ చేరేసరికి వాసన మారేవి. డెయిరీ సూపర్‌వైజర్ మస్తాన్‌రావు నరసరావుపేట మనిషి. నాలుగు చుక్కలు గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచి చూసేవాడు. గడ్డ కడితే ఆ క్యాను వెనక్కే.

ఎనభై ఆరు మార్చిలో పదిహేను రోజుల్లో ఆరుసార్లు క్యాన్లు వెనక్కొచ్చాయి. మస్తాన్‌రావు చెడ్డవాడు కాడు. మూత పెడుతూ మెల్లగా చెప్పాడు, పైనుంచి అడుగుతున్నారని, వానలు పడేనాటికి మార్పు లేకపోతే సెంటర్ ఎత్తేసినట్టు రాయక తప్పదని.

ఆ రోజు విరిగిన పాలు మోసుకుంటూ చుట్టుదారిలో తిరిగొస్తుంటే పీర్ సాహెబ్ కళ్లకు గుట్ట తప్ప ఏమీ కనపడలేదు. మీదుగా పోతే మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. మేకలు పోతాయి. మనుషులు పోతారు. సైకిలు ఎందుకు పోదు?

పుల్లమ్మ మేకలు ఆ గుట్ట మీదే మేస్తాయి. అరవై ఏళ్ల మనిషి, నోరు పెద్దది. మర్నాడు పీర్ సాహెబ్ ఖాళీ సైకిల్ తీసుకుని ఆమె వెనక గుట్టెక్కాడు. మేకల బాట నిట్టనిలువుగా పోతుంది. సగం దూరం కూడా తొయ్యలేక బండ మీద కూలబడ్డాడు.

"ఏందిరా పీరూ, మేకతో పోటీ పెట్టుకున్నావా?" అంది పుల్లమ్మ. "పోయి ఆ కుంటిదాని వెనక నడువు. నీ సైకిలుకు అదే సరిజోడు."

ఆమె వెక్కిరించడానికే అన్నది. పీర్ సాహెబ్ మాత్రం తిరిగి చూశాడు. మందలో ఒక మేకకు ముందుకాలు సరిగా లేదు. తక్కినవి నిటారుగా ఎగబాకుతుంటే అది మాత్రం అడ్డంగా నడిచి, కొంత దూరం పోయి మళ్లీ వెనక్కి తిరిగి, మెలికలు మెలికలుగా పైకి వస్తోంది. ఎక్కడా ఆగడం లేదు. ఆయన లేచి సైకిలు తోసుకుంటూ దాని వెనకే నడిచాడు. పైకి చేరాక చూసుకుంటే రొప్పు కూడా రాలేదు.

నాలుగు రోజులు ఆ కుంటిమేక వెనక తిరిగి, అది నడిచిన చోటల్లా సున్నంతో చుక్కలు పెట్టాడు. ఊరంతా నవ్వింది. కోటయ్య అయితే, గవర్నమెంటు వాళ్లు ఇంజనీర్లను తీసేసి మేకల్ని పెట్టుకుంటున్నారంట, గుట్టపాలెంలో మొదటి పోస్టింగ్ ఇచ్చారంట అని రచ్చబండ దగ్గర చెప్పి అందర్నీ నవ్వించాడు. కోటయ్యకు నలభై ఎకరాల మిరప, పత్తి. ఊళ్లో ఆయన నవ్విన దాన్ని మిగతావాళ్లు కూడా నవ్వాల్సిందే.

అనుమతి ఎవర్ని అడగాలో తెలియలేదు. కరణాలు పోయారు, మండలాలు కొత్తగా వచ్చాయి, కొత్త ఆఫీసులో బల్లలే ఇంకా చేరలేదు. పోరంబోకు గుట్టేగదా అని ఎవర్నీ అడగలేదు.

ఆ ఊళ్లో సోమవారం ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. తాతల నాటి పద్ధతి. ఎడ్లతోపాటు మగవాళ్లకూ ఆ రోజు సెలవే. పీర్ సాహెబ్ ఆ సోమవారాలు అడిగాడు. మొదటి వారం ఏడుగురు వచ్చారు. సర్కారు తుమ్మ కొట్టారు, రేగుకంప లాగారు, చేతులు గీరుకుపోయాయి. రెండో వారం ముగ్గురే వచ్చారు. మూడో వారం పీర్ సాహెబ్ ఒక్కడే.

ఆ సాయంత్రం ఖాతూన్ బీ ఆయన అరచేతుల్లో ముళ్లు తీసింది. మర్నాడు పాలు పోసే వేళకు సెంటర్ దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒకటే మాట చెప్పింది. నెయ్యి కొనే కోమటి మళ్లీ రానిస్తాడేమో ఇప్పుడే అడిగిపెట్టుకోండి, మా ఆయన ఒక్కడి వల్ల దారి పడేటట్టు లేదు అని. తర్వాత సోమవారం గుట్ట కింద ఇరవై ఆరు మంది ఉన్నారు. సగం మంది ఆడవాళ్లే. మిగతా సగం ఇంట్లో కూర్చోనివ్వక తరిమితే వచ్చిన మగవాళ్లు.

పలుగులు, పారలు, తట్టలు ఎవరివి వాళ్లు తెచ్చుకున్నారు. కంప కొట్టేవాళ్లు ముందు, రాళ్లు దొర్లించేవాళ్లు వెనక, మట్టి సర్దేవాళ్లు ఆ వెనక. మూడడుగుల వెడల్పు దారి. ఎక్కడికక్కడ పీర్ సాహెబ్ మూడు క్యాన్ల నిండా నీళ్లు పోసిన సైకిలు తోసి చూసేవాడు. ఆపి పట్టు కొంచెం సడలిస్తే సైకిలు వెనక్కి దొర్లుకుపోకూడదు. దొర్లిందంటే అక్కడ మెలిక ఇంకా సాగదియ్యాలి. పుల్లమ్మ మేకలు తోలుకుంటూనే పైనుంచి తప్పులు పట్టేది. ఆమె పట్టిన తప్పులు చాలావరకు నిజమే అయ్యేవి.

మే నెల సగానికల్లా ఊరివైపు ఎక్కుడు తయారైంది. అవతలివైపు దిగుడులో ఒక్కచోట చిక్కు పడింది. నలభై గజాల మేర ఒట్టి రాళ్లపొడి, అడుగేస్తే జారుతుంది. ఎంత మట్టి పోసినా నిలవలేదు.

అప్పుడు వచ్చాడు కోటయ్య. ఒక సోమవారం పొద్దున్నే గుట్టెక్కి, చేతులు వెనక్కి కట్టుకుని దారంతా నడిచి చూశాడు. నవ్వలేదు. మంగళవారం ఆయన బళ్లు రెండు నాపరాళ్లతో గుట్ట కింద ఆగాయి. కొత్త ఇంటి గచ్చుకు తెప్పించగా మిగిలినవి, మొహం చూసుకునేంత నున్నటివి. పల్నాడులో ఏదైనా బాగుండాలంటే దానికి నాపరాయి పరుస్తారు. ఇంట్లో గచ్చు, ముందు అరుగు, గొడ్ల కొట్టం, ఆఖరికి సమాధి. దారి కూడా బాగుండాలనే ఆయన తెచ్చాడు. మనుషులు వాటిని పైకి మోశారు. కోటయ్య స్వయంగా దారం పట్టి, వసారాకు పరిచినట్టు ఒక్క వెంట్రుక సందు లేకుండా పరిపించాడు. పని అయ్యాక అందరూ వాటి మీదే కూర్చుని సద్దులు విప్పుకున్నారు. చల్లగా ఉందని ఒకరిద్దరు పడుకున్నారు కూడా.

పీర్ సాహెబ్ చేత్తో రాయి తడిమి చూశాడు. టైరు సంగతి తెలిసిన మనిషి. ఇంత నునుపు మీద చక్రం నిలుస్తుందా అని అనుమానం వచ్చింది. కానీ ఊళ్లో పెద్దమనిషి మొదటిసారి తనంతట తాను వచ్చాడు, తన ఇంటి రాయి తెచ్చాడు. పైగా అది నలభై నాలుగు డిగ్రీల ఎండ, ఆ ఎండలో వాన గురించి ఎవరికి గుర్తొస్తుంది? తనూ ఆ రాళ్ల మీదే కూర్చుని సద్ది విప్పాడు.

మే ఆఖరి వారం నుంచి పాలు గుట్ట మీదుగా పోయాయి. ముప్పావు గంటలో లారీ దగ్గర ఉండేవాడు. నెల రోజులపాటు ఒక్క క్యాను వెనక్కి రాలేదు. మస్తాన్‌రావు గాజు గొట్టం ఎత్తి చూసి, సాయిబుగారూ, మీ ఊరి గేదెలు మారినయ్యా అని అడిగాడు.

జూన్ చివర్లో వానలు పట్టుకున్నాయి. రెండో రోజు తెల్లవారుతుండగా, చినుకుల్లో, పీర్ సాహెబ్ నాపరాళ్ల మీదికి దిగాడు. బ్రేకు పట్టాడు. చక్రం ఆగింది, సైకిలు ఆగలేదు. తర్వాత ఏమైందో ఆయనకు సరిగా గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి కుడిచెయ్యి కింద ఇరుక్కుని ఉంది. ఆ నున్నటి రాళ్ల మీద పాలు తెల్లగా, తొందర లేకుండా కిందికి పోతున్నాయి. ముప్పై నాలుగు ఇళ్ల పాలు.

మణికట్టు విరిగింది. మాచర్లలో పిండికట్టు వేసి, నెలన్నర కదపొద్దన్నారు. ఊళ్లో ఇద్దరు వంతులు వేసుకుని పాలు మళ్లీ చుట్టుదారిన తీసుకుపోయారు. నల్లరేగడి బురద చక్రాలకు చుట్టుకుని రెండు రోజులు లారీయే అందలేదు. గుట్ట మీదుగా పొండి అంటే వాళ్లు చేతులెత్తి దణ్ణం పెట్టారు. మస్తాన్‌రావు కబురు పంపాడు: ఇంక పది రోజులు చూస్తాను, వచ్చే బుధవారం కాక పై బుధవారం పాలు వేళకు రాకపోయినా, విరిగి వచ్చినా, ఆ రోజుతో సరి.

పీర్ సాహెబ్ పిండికట్టు మెడకు వేలాడేసుకుని ఊరి బయట తిరుగుతుండేవాడు. కోటయ్య చేను గట్టున నాపరాళ్లు నిలువుగా పాతి కంచె కట్టి ఉంది, ఆ చుట్టుపక్కల అందరి చేలకూ ఉన్నట్టే. ఒక సాయంత్రం వాన వెలిశాక ఆ కంచె మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. రాయి మొహం జారుతోంది. పైన విరిగిన అంచు మాత్రం రంపం పళ్లలా గరుకుగా ఉంది. చెప్పులు విడిచి, కంచె కూలిన చోట పక్కకు వాలిన రాళ్ల అంచుల మీద కాలు పెట్టి నడిచి చూశాడు. తడిగానే ఉంది. కాలు జారలేదు.

అటునుంచి అటే కోటయ్య ఇంటికి పోయాడు. కోటయ్య వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. చెయ్యెలా ఉందని అడిగాడు, కాఫీ తెప్పించాడు. పీర్ సాహెబ్ కాఫీ తాగలేదు.

"కోటయ్యన్నా, రాళ్లు తియ్యాల," అన్నాడు.

"ఏ రాళ్లు?"

"మీరు పరిపించినయ్యి."

కోటయ్య కాలితో గచ్చు తట్టాడు. "నా ఇంట్లో అదే రాయి. నా మనవరాళ్లు దాని మీద పరిగెత్తుతన్నారు. ఎవురూ పడలా."

"ఇంట్లో వాన కురవదన్నా. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. మీరొచ్చారన్న సంతోషంలో నోరు మెదపలా. తప్పు నాది."

"సరే. తీసి పక్కన పెట్టించు."

"పక్కన పెడితే చాలదు." పీర్ సాహెబ్ చూపు గచ్చు మీదే ఉంది. "పగలగొట్టాల. జానెడు జానెడు ముక్కలు చేసి, అంచు పైకొచ్చేటట్టు నిలువుగా పాతాల. మీ చేను కంచె మాదిరి, దగ్గర దగ్గరగా. అట్టయితేనే టైరుకు పట్టు దొరికిద్ది, నీళ్లు సందుల్లోంచి పోతయ్."

కోటయ్య లేచి లోపలికి వెళ్లిపోయాడు. పీర్ సాహెబ్ కొంతసేపు ఉండి, ఎవరూ బయటికి రాకపోయేసరికి, చల్లారిన కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి ఇంటికొచ్చేశాడు. ఖాతూన్ బీ అన్నం పెట్టింది. ఆయన ఎడంచేత్తో తినలేక ఇబ్బంది పడుతుంటే ఆమె కలిపి ముద్దలు పెట్టింది. కోటయ్యకు కోపం వస్తే గుట్టెక్కేవాళ్లు ఎవరూ ఉండరని ఇద్దరికీ తెలుసు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా, సోమవారం గుట్ట మీద పద్దెనిమిది మంది చేరారు. రాళ్ల చుట్టూ నిలబడ్డారే గాని గడ్డపార ఎవరూ దించలేదు. కోటయ్య రాళ్లు. ఆయన అవునన్నాడో కాదన్నాడో పీర్ సాహెబ్ కూడా చెప్పలేకపోయాడు. పుల్లమ్మ పైనుంచి, చూస్తా కూర్చుంటే రాళ్లు గుడ్లు పెడతయ్యా అని అరిచింది. అయినా ఎవరూ కదల్లేదు.

ఎండెక్కాక మెలిక దగ్గర దగ్గు వినపడింది. కోటయ్య భుజం మీద పెద్ద సమ్మెట పెట్టుకుని, పంచె ఎగ్గట్టి వస్తున్నాడు. ఆ వయసులో ఆయన సమ్మెట పట్టడం ఎవరూ చూసి ఎరగరు.

"తప్పుకోండి," అన్నాడు. "నా రాయి మీద ఇంకొకడి దెబ్బ పడనియ్యను."

మొదటి రాయి మూడు దెబ్బలకు విరిగింది. ఆయన విరిగిన ముక్క తీసుకుని, అంచు మీద బొటనవేలు రాసి చూసి, పీర్ సాహెబ్ చేతికిచ్చాడు. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. మగవాళ్లు కాలవ తవ్వినట్టు తవ్వారు. ఆడవాళ్లు ముక్కలు అందించారు. ఖాతూన్ బీ, ఇంకొకామె కలిసి సందుల్లో గులకలు దట్టించారు. పది గజాలకొకచోట ఒక పొడుగు రాయి ఏటవాలుగా అడ్డం పాతి, నీళ్లు పక్కకు మళ్లేట్టు చేశారు. నలభై గజాలు ఒక్క రోజులో తెమల్లేదు. మంగళవారం ఎడ్లు కట్టాల్సిన రోజు. కోటయ్య తన ఎడ్లకు కాడి కట్టలేదు. అది చూసి మరో పదిమంది కూడా కట్టలేదు. మంగళవారం పొద్దుగుంకేసరికి ఆఖరి ముక్క దిగింది.

బుధవారం తెల్లవారుజామున తుంపర పడుతోంది. సెంటర్ దగ్గర అరవై లీటర్లు క్యాన్లకెత్తారు. వంతుల వాళ్లిద్దరూ వచ్చారు గాని గుట్ట వైపు చూడలేదు. వాళ్లనేం అనలేం, ఆయన విరిగిన చెయ్యి కళ్లారా చూశారు. పీర్ సాహెబ్ ఎడంచేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు. రెండో పక్క ఖాతూన్ బీ పట్టుకుంది. నువ్వెందుకన్నాడు. మరి రెండో చెయ్యి ఎక్కడ తెస్తావని ఆమె అడిగింది.

ఎక్కుడు ఇద్దరూ తోశారు. ఎక్కలేదు, తొక్కలేదు, మెలిక మెలికకూ ఒకసారి ఊపిరి తీసుకుంటూ తోశారు. పైకెక్కేసరికి తూర్పు తెల్లబడింది. దిగుడులో ఆ నలభై గజాలు వచ్చాయి. నిలువు రాళ్ల మధ్యన నీళ్లు గలగలమంటూ పోతున్నాయి. పీర్ సాహెబ్ ఆగాడు. ఖాతూన్ బీ చెప్పులు తీసి క్యారియర్‌కు తగిలించింది. ముందు తను నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, రమ్మన్నట్టు తల ఊపి, మళ్లీ వచ్చి రెండో పక్క పట్టుకుంది. ఆయన బ్రేకు పట్టి సైకిలు దించాడు. టైరు రాళ్ల మీద గరగరమని అరిచింది. పట్టుకుంది. మళ్లీ వదిలాడు, మళ్లీ పట్టాడు. పట్టుకుంది. ఆ నలభై గజాలు దిగడానికి ఎంతసేపు పట్టిందో గాని, కింద చదును నేల మీదికి వచ్చాక చూసుకుంటే ఇద్దరి పళ్లూ గిట్టకరుచుకుని ఉన్నాయి.

లారీ దగ్గరికి చేరేసరికి ఏడుకు పది నిమిషాలు తక్కువ. మస్తాన్‌రావు పిండికట్టు వైపు, ఆమె బురద కాళ్ల వైపు చూసి, దీపం వెలిగించాడు. మూడు క్యాన్లలోంచీ విడివిడిగా తీసి కాచాడు. మూడుసార్లూ పాలు నురగతో పైకి లేచాయి. ఆయన అట్టపుస్తకం తీసి ఏదో రాసి, చదివి వినిపించాడు. గుట్టపాలెం సెంటర్ యథాప్రకారం నడపవలెను అని. ఖాతూన్ బీకి ఆ పుస్తకం భాష అర్థం కాలేదు. ఉందా, పోయిందా అని అడిగింది. ఉందమ్మా అన్నాడు. ఆమె లారీలోకి తొంగిచూసి, రెండేళ్లుగా తన పాలు పోతున్న ఆ పెద్ద క్యాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.

తిరుగుదారిలో వాన ఆగింది. ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. పై మెలికలో కోటయ్య ఎదురొచ్చాడు. దూడ తప్పిపోయింది, వెతుక్కుంటా వచ్చా అన్నాడు. దూడ వెనక పార, తట్ట ఎందుకు తెచ్చాడో వాళ్లు అడగలేదు.

"విరిగినయ్యా?" అన్నాడు ఆఖరికి.

"లేదన్నా. సెంటర్ ఉంచారు."

కోటయ్య తలాడించాడు. పారతో కింద ఒక చోటు చూపించాడు. "ఆ మలుపు కింద మట్టి కోసుకుపోతంది. సోమవారం దాకా ఆగదది."

నిజమే, రాత్రి వానకు దారి అంచు జానెడు కూలింది. పీర్ సాహెబ్ సైకిలు స్టాండ్ వేసి, ఎడంచేత్తోనే ఒక రాయి ఎత్తబోయాడు. ఖాతూన్ బీ కొంగు నడుముకు దోపి, ఆ రాయి ఆయన చేతిలోంచి లాక్కుని కోటయ్యకు అందించింది.